నాలుగు చెంచాల ఉప్పు

జూలై 6

మామయ్యకి,

ఈరోజు తెల్లవారగానే నన్ను ఆశ్చర్యపరిచింది నువ్వే. పళ్ళు తోముకుంటుంటే వార్డెన్ వచ్చి నా చేతిలో ఓ కవరు పెట్టి, "ఈ కాలంలో నీకూ ఉత్తరాలు రాసేవాళ్ళున్నారే!" అంది. నోట్లో నురగతోనే చేతిరాత గుర్తుపట్టాను. చిన్నప్పుడు నా పుస్తకాల అట్టల మీద నా పేరు రాసిపెట్టిన చెయ్యి కదా, ఎలా మరిచిపోతాను?

చించి చూస్తే లోపల కాసిని వాక్యాలే. "ఫోనులో నా గొంతు వింటే కంగారు పడతావని రాస్తున్నాను. కొన్ని నెలలుగా మనసు బాగాలేదు. ఏదీ చేయాలనిపించదు, ఏదీ తినాలనిపించదు. అక్కకి చెప్పకు." అంతే. సంతకం కూడా లేదు.

మెట్ల మీద కూర్చుని మళ్ళీ చదివాను. తరవాత ఏం చేశానో చెప్తే నవ్వకూడదు. లేచి వెళ్ళి నా పాఠ్యపుస్తకం తెచ్చుకున్నాను. ఎందుకంటే మా ఆహారశాస్త్రం క్లాసులో సరిగ్గా ఈ వారమే డిప్రెషన్‌కీ తిండికీ ఉన్న సంబంధం గురించి చెప్పారు! కూరగాయలు, పళ్ళు, పప్పులు, పొట్టు తీయని ధాన్యాలు, చేపలు, గింజలు తరచుగా తినేవాళ్ళలో ఈ జబ్బు కాస్త తక్కువగా కనిపిస్తుందట. అప్పటికే జబ్బుపడిన వాళ్ళు కొందరు తిండి మార్చుకున్నాక తేరుకున్నారట. మన కడుపుకీ మెదడుకీ మధ్య రాకపోకలు నడుస్తూనే ఉంటాయట. మా లెక్చరర్ చెప్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పాఠం నీ కోసమే చెప్పినట్టు ఇప్పుడు అనిపిస్తోంది.

అందుకని మామయ్యా, నేను నిన్ను బాగుచేస్తాను. నువ్వు నేను చెప్పినవి వండుకుని తినాలి. తిన్నది నాలుక మీద ఎలా ఉందో నాకు రాయాలి. ఇందులో నా స్వార్థం కూడా ఉందిలే. నాకు ఈమధ్య మాటల పిచ్చి పట్టింది. వగరు, జిడ్డు, కమ్మదనం, చిరుచేదు... ఇలాంటి మాటలు కాగితాల మీద రాసి నా మంచం పక్కన గోడకి అంటిస్తున్నాను. రుచి చూడటమే ఉద్యోగంగా ఉన్న మామయ్యని పెట్టుకుని నిఘంటువులు వెతుక్కోవడం ఏమిటి, నా తెలివి మండా!

ఇప్పుడేం తింటున్నావో దాచకుండా రాయి. అమ్మకి చెప్పనులే.

ఇట్లు,
నీ మేనకోడలు, కాబోయే పోషకాహార నిపుణురాలు


జూలై 15

వాగుడుకాయకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈమధ్య రెండుసార్లు చదివింది అదొక్కటే.

ఏం తింటున్నానని అడిగావు. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర విరిగిన బిస్కెట్లు సంచుల్లో పోసి పనివాళ్ళకి చవగ్గా ఇస్తారు. ఒక సంచి తెచ్చుకుంటే వారం గడుస్తుంది. టీలో ముంచుకుంటాను. పళ్ళకి పని లేదు, పొయ్యికి పని లేదు. గిన్నెలు కడిగే బాధ అసలే లేదు.

నా గది నువ్వు చూడలేదు కదూ. సూట్‌కేసుల కొట్టు పైన ఉంటుంది. రోజంతా కింద జనం జిప్పులు లాగి చూసుకుంటూ ఉంటారు. ఎవరో ఒకరు ఎక్కడికో బయల్దేరుతూనే ఉంటారు. గదిలో ఒక పొయ్యి, ఒక కుర్చీ, సింకుకి ఎదురుగా ఒక బల్ల. కిటికీ తీస్తే ఎదురింటి వాళ్ళ వెనక గోడ. ఆ గోడలో కిటికీ లేదు. వాళ్ళని తప్పుపట్టలేను, ఇటువైపు చూడటానికి ఏముందని?

నా ఉద్యోగం గురించి నువ్వు గొప్పగా అనుకుంటున్నావు. మాది రుచి గది. గోడకి ఆనించి చెక్క అడ్డాలతో చిన్న చిన్న అరలుంటాయి. ఒక్కో అరలో ఒక్కో మనిషి. కిటికీలాంటి కంతలోంచి ప్లేటు వస్తుంది. బిస్కెట్ కొరికి, నాలుక మీద తిప్పి, ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, మార్కు వేయాలి. మింగకూడదు. మింగితే కడుపు నిండుతుంది, కడుపు నిండితే నాలుక అబద్ధం చెప్తుంది. ఇన్నేళ్ళుగా ఉమ్మినందుకు జీతం తీసుకుంటున్న మనిషిని నేను. నా పక్క అరలో పెద్దముక్కు అని ఒకాయన ఉంటాడు. ప్లేటు ఇంకా గది బయట ఉండగానే అందులో వెన్న తగ్గిందని చెప్పేస్తాడు. ఆ ముక్కుకి బీమా చేయించమని అందరూ ఏడిపిస్తారు.

నీ మాట కాదనలేక నిన్న ఓట్స్ ఉడికించి అరటిపండు వేశాను. ఇదిగో నీ గోడకి: ఓట్స్ రుచి తడిసిన గోనెసంచి వాసనతో మొదలై, నెమ్మదిగా పాల మీగడ వైపు నడుస్తుంది. అరటిపండు మధ్యలో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. చాలా?

మామయ్య


జూలై 22

మాటల మామయ్యకి,

చాలదు! "మధ్యలో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటుంది." ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడ మధ్యలో అంటించాను. నా గదిలో ఉండే అమ్మాయి (మంచాలు పక్కపక్కనే కాబట్టి మేం ఒకరినొకరం 'పక్కమంచం' అని పిలుచుకుంటాం) అది చదివి పరిగెత్తుకెళ్ళి అరటిపండు కొనుక్కొచ్చుకుంది.

ముందు చిన్న క్లాసు పీకుతాను, ఓపిక పట్టు. ఆ బిస్కెట్ల సంచి సంగతి. ఊరికే తీపీ మైదా తింటే రక్తంలో చక్కెర గబుక్కున లేచి గబుక్కున పడిపోతుంది. దాంతో పాటు మనిషికి నీరసం, చిరాకు. ఆ నీరసానికి మళ్ళీ బిస్కెట్. రంగులరాట్నం ఎక్కినట్టే కానీ ఎక్కడికీ చేరవు. ఎప్పుడో ఒకటి తింటే కొంపలేం మునగవు, కానీ అదే భోజనం కాకూడదు.

ఇప్పుడు నీకు ఒక సూపు చెప్తాను. మా అంతస్తు అమ్మాయిలం ఆదివారాలు కలిసి వండుకునేది. నీ ఒక్కడికీ సరిపడా లెక్క కట్టి రాస్తున్నాను, చూడు ఎంత శ్రద్ధో: పిడికెడు పప్పు, రెండు గ్లాసుల నీళ్ళు, సగం క్యారెట్ ముక్కలు, గుప్పెడు ఆకుకూర, ఒక వెల్లుల్లి రెబ్బ, నాలుగు చెంచాల ఉప్పు. మెత్తగా ఉడికాక దించి నిమ్మకాయ పిండు. ఇంతే. ఇందులో నీ మెదడుకి కావలసిన సరుకు చాలా ఉంది.

ఇంకో సంగతి. వచ్చే నెల క్లాసులో నేను సెమినార్ ఇవ్వాలి. నీ గురించి చెప్పనా? పేరు చెప్పనులే. 'ఒక బంధువు' అంటాను. నీ వాక్యాలు చదివితే క్లాసంతా నోరు వెళ్ళబెట్టుకుని వింటుంది.

సూపు ఎలా ఉందో వివరంగా రాయి. నోరూరించాలి!

ఇట్లు,
గోడ నింపుకుంటున్న మేనకోడలు


ఆగస్టు 2

పంతులమ్మ గారికి,

నీ సూపు వండాను. నువ్వు రాసింది రాసినట్టు.

మొదట పప్పు వచ్చింది, తలుపు చప్పుడు కాకుండా లోపలికొచ్చే మనిషిలా మెత్తగా. దాని వెనక ఆకుకూర వగరు, పళ్ళ మూలల్లో కాసేపు ఆగింది. క్యారెట్ తీపి చివర్లో, వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూసినట్టు. నిమ్మరసం వీటన్నిటినీ వరసలో నిలబెట్టింది. ఉప్పు మాత్రం ఎంత ఉండాలో అంతే ఉంది. ఇంకొక్క పలుకు పడితే ఎక్కువయ్యేది, ఒక్క పలుకు తగ్గితే చప్పబడేది. నీ లెక్కకి పదికి పది.

సెమినార్‌లో చెప్పుకో. నాదేం పోయింది.

ఇక్కడ వానలు. సూట్‌కేసుల కొట్టువాడు సరుకంతా లోపలికి సర్దుకుని రేడియో పెట్టుకుంటున్నాడు. మెట్లు దిగుతుంటే "ఏంటి సార్, ఈమధ్య మీ అడుగుల చప్పుడే వినపడదు, గాల్లో నడుస్తున్నారా?" అన్నాడు. నవ్వాను. నవ్వాననే అనుకుంటున్నాను. ఆదివారం చెప్పులు కుట్టే ఆయన దగ్గరికెళ్ళి బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్నాను. ఆ వారంలో నేను మనిషితో మాట్లాడిన ముక్క అదే: "ఇంకొంచెం లోపలికి పెట్టండి."

మామయ్య


ఆగస్టు 10

పదికి పది మామయ్యకి,

సెమినార్ బ్రహ్మాండం! "వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూసినట్టు" అని చదవగానే వెనక బెంచీలో ఎవరో "అబ్బా!" అన్నారు. నేనక్కడే పొంగిపోయాను! "ఇంత ఇష్టంగా తిండి గురించి రాస్తున్నాడంటే మీ బంధువు గట్టెక్కినట్టే" అన్నాడు మా క్లాసులో ఒకడు. అందరూ చప్పట్లు కొట్టారు. లెక్చరర్ మాత్రం ఏదో అనబోయి గంట కొట్టడంతో ఆగిపోయారు. ఆవిడ ఎప్పుడూ అంతే, మెచ్చుకోవడానికి కూడా ఆలోచిస్తారు.

బెల్టు చిల్లు సంగతి చదివి ఎగిరి గంతేశాను. చూశావా, బిస్కెట్లు మానగానే పొట్ట తగ్గింది! ఇలాగే వెళ్తే నీకు డాక్టరు అవసరమే రాదేమో.

ఈసారి చేప. వారానికి రెండుసార్లు తింటే మంచిది. ఏ చేపైనా సరే, నూనెలో ముంచి వేయించకుండా ఆవిరి మీద ఉడికించు. నాకు కనీసం ఒక పేజీ రాయాలి. మా క్లాసులో నీకు అభిమానులున్నారు ఇప్పుడు, వాళ్ళని నిరాశపరచకు.

ఇట్లు,
గర్వంతో నేల మీద నిలవలేని
నీ మేనకోడలు


ఆగస్టు 25

పంతులమ్మకి,

చేప తిన్నాను. బాగుంది.

పెద్దముక్కు సెలవు మీద వెళ్ళాడు. పని ఎక్కువైంది. పేజీ నిండా రాయడానికి మాటలు దొరకడం లేదు. మీ క్లాసులో నేను గట్టెక్కానని తేల్చేశారు కదా, ఇంక రాయడానికి ఏముంది.

నువ్వు బాగా చదువుకో.

మామయ్య


సెప్టెంబరు 1

మామయ్యా,

ఈ ఉత్తరం నీకు కోపం తెప్పిస్తుందేమో తెలియదు. అయినా రాస్తున్నాను.

మొన్న పక్కమంచానికి జ్వరం వచ్చింది. దానికొక్కదానికే సూపు కాద్దామని, నీకు రాసే ముందు నేను వేసుకున్న లెక్క తీసి, అచ్చం అలాగే వండాను. మంచం దగ్గరికి తీసుకెళ్ళి చెంచాతో నోట్లో పోశాను. అది లేచి కూర్చుని దుప్పటి మీదే ఉమ్మేసింది. "జ్వరమొచ్చిన దాన్ని సముద్రం తాగిస్తావేమిటే!" అని అరిచింది. నేను ఒక చుక్క నోట్లో వేసుకున్నాను. గొంతు మండిపోయింది.

అప్పుడు అర్థమైంది. మేం ఆదివారాలు వండేది ఎనిమిదిమందికి. నీకు రాసేటప్పుడు పప్పు తగ్గించాను, నీళ్ళు తగ్గించాను, క్యారెట్ తగ్గించాను. ఉప్పు తగ్గించడం మరిచిపోయాను. ఎనిమిదిమందికి వేసే నాలుగు చెంచాలూ నీ ఒక్క గిన్నెలో వేయించాను.

ఆ గిన్నె గురించే నువ్వు "ఉప్పు ఎంత ఉండాలో అంతే ఉంది" అని రాశావు.

నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని మళ్ళీ చదివాను. రుచులన్నీ ఉన్నాయి మామయ్యా. తిన్నానని ఎక్కడా లేదు. చేప ఒక్కదానికే ఉంది, అది కూడా నన్ను వదిలించుకోవడానికి రాసినట్టుంది. బెల్టు చిల్లుకి నేను గంతులేశానా! నా అంత మొద్దు మొహం ఇంకోటి ఉండదు.

అసలు వండావా? వండి పారబోశావా? లేక ఏమీ చేయకుండా ఊహించి రాశావా? ఏదైనా సరే, నిజం రాయి. బాగా రాయక్కర్లేదు.

నీ మేనకోడలు


సెప్టెంబరు 9

అమ్మడూ,

నీ ఉత్తరం చూడగానే ముందు నాకు కోపమే వచ్చింది. మా రుచి గదిలో అప్పుడప్పుడూ పరీక్ష పెడతారు. మంచి ప్లేట్ల మధ్య పాడైన బిస్కెట్ ఒకటి పెట్టి, ఎవడు పట్టుకుంటాడో చూస్తారు. నువ్వు కూడా ఆ నాలుగు చెంచాలు కావాలనే రాశావనుకున్నాను. సెమినార్ అయిపోయింది, ఇప్పుడు ప్రయోగశాల ఎలుకకి పరీక్ష పెట్టింది అనుకున్నాను. ఇంకా ఆ అనుమానం పూర్తిగా పోలేదు. పోకపోయినా చెప్పేస్తాను.

వండాను. నువ్వు రాసినట్టే వేశాను. ఇదేమిటి, ఇంత ఉప్పా అని ఆలోచించే ఓపిక కూడా లేదు. చెంచాడు నోట్లో పోసుకుని నాలుక మీద తిప్పాను. ఏమీ తెలియలేదు. వేడిగా ఉందని తెలిసింది, అంతే. సింకులో ఉమ్మేశాను. ఇంకో చెంచా. మళ్ళీ ఉమ్మేశాను. బల్ల సింకుకి ఎదురుగానే ఉందిగా, అలవాటైన పనే. గిన్నె మొత్తం ఒంపేసి, కాగితం తీసుకుని నీకు రాశాను. పప్పు ఎలా ఉంటుందో, ఆకుకూర ఎలా ఉంటుందో నాకు జ్ఞాపకం ఉంది. ఆ మాటలన్నీ జ్ఞాపకం నుంచే. చనిపోయినవాళ్ళ గురించి చెప్పుకున్నట్టు. అందుకే అంత అందంగా వచ్చాయేమో.

చేప వండలేదు. కొనను కూడా లేదు.

రుచి తెలియకుండా పోయి చాలాకాలమైంది. ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. పెద్దముక్కుకి బిస్కెట్ నచ్చితే ఒక గుక్క నీళ్ళతో సరిపెడతాడు, నచ్చకపోతే గడగడ పుక్కిలిస్తాడు. చెక్క అడ్డం ఇవతల కూర్చుని ఆ చప్పుడు విని మార్కులు వేస్తూ వచ్చాను. ఆయన సెలవు పెట్టిన వారం, ముక్కిపోయిన నూనెతో చేసిన బిస్కెట్లకి పదికి తొమ్మిది వేశాను. అవి నోట్లో పెట్టుకుంటే కుక్క కూడా మొహం తిప్పుకుంటుందట. రుచి గది పెద్ద, మేం మేడమ్ అంటాం, నన్ను పిలిచి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. జలుబు అన్నాను. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదు. నాలుక తప్ప నాకు వేరే పనిముట్టు లేదు.

కారణం ఏమిటని అడగకు. కారణమంటూ ఉంటే దాని మీదైనా కోప్పడేవాణ్ణి. పొద్దున్న కళ్ళు తెరిస్తే, ఎందుకు లేవాలో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పడుతోంది. చచ్చిపోవాలని లేదు. ఉండాలని కూడా లేదు. కింద జిప్పులు లాగుతున్న చప్పుడు వింటూ పడుకుంటున్నాను.

నువ్వు అడిగింది మాటలు. అవి ఒక్కటే నా దగ్గర మిగిలాయి కాబట్టి పంపించాను. నీకు సంతోషంగా ఉంది కదా అనుకున్నాను. అబద్ధమాడాలని కాదు.

అక్కకి చెప్పకు.

మామయ్య


సెప్టెంబరు 12

మామయ్యా,

ముందు తిట్టు తినేస్తాను: అమ్మకి చెప్పేశాను. నీ ఉత్తరం ముగించిన అరగంటలో ఫోన్ చేశాను. చెప్పనని మాటిచ్చింది నిజమే. "ఉండాలని కూడా లేదు" అని నువ్వు రాశాక ఆ మాట నిలబెట్టుకోవడం నా వల్ల కాదు. నామీద ఎన్నాళ్ళైనా అలుగు, ఫరవాలేదు. అలగడానికి నువ్వుండాలి.

రెండోది. ఆ ఉప్పు పరీక్ష కాదు. నా కళ్ళ మీద ఒట్టు. నాకు అంత తెలివి ఉంటే లెక్కే సరిగ్గా రాసేదాన్ని కదా! నిన్ను ఎలుకని చేశానన్నావు. ఆ మాట పొద్దుటి నుంచీ నాతోనే తిరుగుతోంది. క్లాసులో చప్పట్లు కొట్టించుకున్నది నిజం. నువ్వు ఆకలితో ఉంటే నేను నీ వాక్యాలు తిన్నాను.

లెక్చరర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఆవేళ గంట కొట్టకపోతే చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పారు: "తిండి వైద్యానికి తోడు వెళ్తుంది, వైద్యం కుర్చీలో తను కూర్చోదు. నువ్వు ఆ రెండింటినీ కలిపేశావు." డాక్టరు అవసరమే రాదేమో అని నీకు రాశాను. ఆ వాక్యం మీద సిరా పోసెయ్ మామయ్యా. నువ్వు డాక్టరుని చూడాలి. వచ్చే నెల కాదు, ఈ వారమే. ఈ జబ్బులో కొందరికి రుచి మొద్దుబారుతుందట. నీ నాలుక నిన్ను మోసం చేయలేదు, దానికీ జబ్బు చేసింది. వేరే కారణం కూడా ఉండొచ్చు కాబట్టి, అది కూడా డాక్టరుకి చెప్పాలట. మరీ చీకటిగా అనిపించిన గంటలో ఉత్తరం రాస్తూ కూర్చోకు. ఫోన్ చెయ్యి. నీ గొంతు ఎలా ఉన్నా సరే. నేను కంగారు పడతాను, పడనీ, అది నా పని.

గోడ మీద మాటలన్నీ పీకేశాను. పక్కమంచం వద్దంది, వినలేదు. సున్నం ఊడి గోడంతా మచ్చలు.

ఇక నుంచి నువ్వు నాకు ఒక్క రుచి కూడా రాయక్కర్లేదు. ఒకటి మాత్రం చెయ్యి. రోజూ పొద్దున్న ఏడింటికి నేను ఒక గుడ్డు ఉడకబెట్టుకుని, ఒక పండు పెట్టుకుని కూర్చుంటాను. అదే గంటకి నువ్వు కూడా కూర్చో. వండే ఓపిక లేకపోతే పండూ పెరుగూ చాలు. బాగుండక్కర్లేదు. ఇసుకలా ఉన్నా మింగు. రుచి తెలిసినా తెలియకపోయినా ఒంటికి అందేది అందుతుంది, ఈ ఒక్క సంగతి మాత్రం నేను పుస్తకంలో సరిగ్గా చదివాను. ఆ కుర్చీని సింకు వైపు నుంచి తిప్పి పెట్టుకో.

అమ్మ నీకు ఫోన్ చేస్తుంది. ఎత్తు.

నీ
మేనకోడలు


అక్టోబరు 3

అమ్మడూ,

జవాబు ఆలస్యమైంది. అలిగి కాదు. అలగడానికి కూడా ఓపిక కావాలి, అది ఇప్పుడిప్పుడే వస్తోంది.

అక్క ఫోన్ చేసింది. ఎత్తాను. ఏడుస్తుందనుకున్నాను. "ఏరా, చిన్నప్పుడు నా ప్లేట్లోది లాక్కుని తినేవాడివి, ఇప్పుడు నీ ప్లేట్లోది కూడా తినలేకపోతున్నావా?" అంది. ఆ తరవాత ఏడ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా రోజూ చేస్తానని బెదిరించింది. ఆ భయానికే వెళ్ళాను అనుకో.

డాక్టరు నా కంటే చిన్నవాడు. తొందరపెట్టకుండా విన్నాడు. రక్తపరీక్షలు చేయించి, మాత్రలు రాశాడు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట, నాలుక కూడా నెమ్మదిగా వస్తుందేమో చూద్దామన్నాడు. తిండి సంగతి చెప్తే, "మీ మేనకోడలు చెప్పిందే కానివ్వండి, ఉప్పు తప్ప" అన్నాడు. ఆ ఉప్పు కథ వాళ్ళకి కూడా చెప్పేశాను మరి. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళింది.

మేడమ్‌కి కూడా నిజం చెప్పాను. ఉద్యోగం పోతుందని గుండె రాయి చేసుకుని వెళ్ళాను. "నాలుక వచ్చేదాకా ప్యాకింగ్ హాల్లో ఉండండి. వచ్చాక చూద్దాం" అంది. రాకపోతే ఏమిటన్నది ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్దముక్కు మాత్రం చెక్క అడ్డం మీదుగా తొంగి చూసి, "నేను పుక్కిలించే చప్పుడుకి నువ్వు మార్కులేస్తున్నావని నాకు ఎప్పుడో తెలుసయ్యా. అందుకే గట్టిగా పుక్కిలించేవాణ్ణి" అన్నాడు.

ప్యాకింగ్ హాలు పెద్దది, చప్పుడు ఎక్కువ. మధ్యాహ్నం పొడుగు బల్ల మీద అందరూ డబ్బాలు విప్పుతారు. మొదటి రోజు ఒక మూల నిలబడి తింటుంటే ఒకావిడ, "ఇక్కడ కూర్చుని తింటే మీ సొమ్మేం పోదు" అంది. కూర్చున్నాను. వాళ్ళు మాట్లాడుకుంటారు, నేను నములుతాను. వాళ్ళ మధ్య కూడా నేను ఒక్కణ్ణే, ఆ సంగతి దాచను. కానీ నోట్లో పెట్టుకున్నది ఉమ్మడానికి అక్కడ చోటు లేదు. మింగాల్సిందే.

ఏడు గంటల సంగతి. కొన్ని రోజులు కూర్చోలేకపోయాను, నిజం చెప్పాలి. మంచం మీంచి గడియారం చూసి, ఇప్పుడు నువ్వు గుడ్డు పెంకు తీస్తుంటావు అనుకుని అటు తిరిగి పడుకున్నాను. కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. ఈ వారం కూర్చున్నవే ఎక్కువ. కుర్చీ కిటికీ వైపు తిప్పాను. ఎదురుగా ఆ గోడే. దాన్ని చూస్తూ గుడ్డు తింటాను. అన్నీ ఇసుకే, కాకపోతే గుడ్డు మెత్తని ఇసుక, గింజలు గరుకు ఇసుక. క్షమించు, మాటలు రాయక్కర్లేదన్నావు. ఇది మాత్రం నిజంగా తిని రాస్తున్నది.

నువ్వు గోడ మీద మాటలు పీకేయకుండా ఉండాల్సింది. అవేం పాపం చేశాయి? రాసింది నేను, మాటలు కాదు. మళ్ళీ అంటించుకో, మచ్చలైనా కనపడవు.

ఇప్పుడు అసలు సంగతి. ఈరోజు పొద్దున్న నారింజ ఒలుస్తుంటే తొక్క చిట్లి ముక్కు మీద చిమ్మింది. ఒక్క క్షణం, కళ్ళు మూసి తెరిచేంతసేపు, వాసన వచ్చింది. తొన నోట్లో పెట్టుకుంటే మళ్ళీ ఏమీ లేదు. నేనే ఊహించుకున్నానేమో. నా జ్ఞాపకాన్ని నేను నమ్మను ఇప్పుడు, అది మహా అబద్ధాలకోరు అని నీకూ తెలుసు. అందుకని సాయంత్రం బజారుకి వెళ్ళి సరుకులు తెచ్చాను. పప్పు, క్యారెట్, ఆకుకూర, వెల్లుల్లి, నిమ్మకాయ. బల్ల మీద పెట్టాను. చూస్తే ఎవరో మనుషులుండే ఇల్లులా ఉంది.

ఈ ఉత్తరం నీకు అందేదాకా ఆగి, వచ్చే సోమవారం పొద్దున్నే లేచి రెండు గిన్నెలు పెడతాను. ఒకదాంట్లో అరచెంచా ఉప్పు, అది తినడానికి. రెండోదాంట్లో నువ్వు రాసిన నాలుగు చెంచాలూ వేస్తాను, ఒక్క పలుకు తగ్గించను. సరిగ్గా ఏడింటికి ముందు ఆ రెండోదాన్నే చెంచాడు నోట్లో పోసుకుంటాను. దేవుడి దయవల్ల అది నోట్లో పెట్టుకోలేనంత ఘోరంగా ఉండాలి. గొంతు మండాలి, నిన్ను నాలుగు తిట్లు తిట్టాలి. అలా కాకపోతే కూడా ఫరవాలేదు, మొదటి గిన్నె ఉంది, అది మింగి పనికి వెళ్తాను. పైవారం మళ్ళీ వండుతాను.

సోమవారం ఏడింటికి ఫోన్ దగ్గర పెట్టుకో.

నీ మామయ్య